బొమ్మ ఎత్తుకి దిగి చూడాలి

ఆ టీవీ కాస్త ఆపి దగ్గరికి జరగండర్రా. ఇది గ్యాసు మంట. చిటపటలాడదు, కట్టె వాసన రాదు, పొగ కళ్ళల్లో పడదు. అయినా ఇంగ్లండులో, ఈ స్టీవెనేజ్ జనవరిలో మనకు ఇదే నెగడు. మొన్న చిన్నది అడిగిందిగా, "తాతయ్యా, నువ్వు ఫోటోగ్రాఫరువి కదా, మోడల్స్‌ని తీశావా?" అని. తియ్యకేం! బెజవాడ పెళ్ళికూతుళ్ళతో మొదలుపెట్టి, ఈ ఊరొచ్చాక వేలెడంత లేని రైలు డ్రైవరు దాకా తీశాను. మీరనుకునే మోడల్స్, పత్రిక అట్టల మీద నడుం మీద చెయ్యేసుకుని నిలబడేవాళ్ళు మాత్రం నాకు తగల్లేదు. వాళ్ళంతా మద్రాసు దారి పట్టేవాళ్ళు.

మా గురువుగారి స్టూడియో గవర్నర్‌పేటలో, మేడ మీద. నేను చేరింది 1962లో. ఉత్తరం వైపు పెద్ద అద్దాల కిటికీ. ఎండ నేరుగా పడదు, పొద్దస్తమానం ఒకే తీరు వెలుతురు. గోడకు రంగులేసిన తెర. దాని మీద రాజుగారి మేడమెట్లు, చెరువు, చెరువులో రెండు హంసలు. ఒక హంస మెడ మీద రంగు పెచ్చులూడింది, అందుకని అక్కడెప్పుడూ ఎవరో ఒకరిని నిలబెట్టేవాళ్ళం. గది మధ్యలో టేకు కెమెరా, ఇత్తడి లెన్సు, దానికి తోలు మూత, వెనకాల నల్లగుడ్డ. రోలీకార్డు కూడా ఉండేది, బయట పెళ్ళిళ్ళకు. స్టూడియోలో మాత్రం ఆ చెక్క కెమెరాయే. ప్లేటు పెద్దది, దాని మీద పెన్సిలుతో మొటిమలు, మశూచి మచ్చలు మాపొచ్చు. రాత్రిళ్ళు నా పని అదే. నెగటివ్‌ని దీపం ముందు పెట్టుకుని, పెన్సిలు ముక్కు సూదిలా చెక్కుకుని, ఆవగింజకు బొట్టు పెట్టినట్టు చుక్కలు పెడుతూ కూచునేవాణ్ణి.

పెళ్ళిచూపుల ఫోటో అంటే ఆ రోజుల్లో పెద్ద తతంగం. నూజివీడు వైపు నుంచి ఒక పిల్లను తీసుకొచ్చారు. వెంట తల్లి, మేనత్త, ఇంకెవరో పెదనాన్న. మేనత్త గారివి సూచనలే సూచనలు. "తల ఎత్తవే. ఎత్తావేంటే, దించు. నవ్వు. పళ్ళు కనపడనీకు." ఆ పిల్ల పూలకుండీ బల్ల మీద చెయ్యి పెట్టి కర్రలా బిగుసుకుపోయింది. గురువుగారు నల్లగుడ్డలోకి దూరలేదు. కెమెరా పక్కన నిలబడి మూతతో ఆడుకుంటూ, "ఈ ఏడు మీ తోటల్లో కాపెలా ఉందమ్మా?" అన్నారు. "పూత బాగానే వచ్చిందండీ, మంచుకి రాలిపోయింది" అంది. "రసాలా, బంగినపల్లా?" "రెండూ ఉన్నాయండీ, కానీ మా నాన్నకి చిన్నరసాలంటేనే..." అంటూ ఆగి, ఏదో గుర్తొచ్చి కళ్ళతో నవ్వింది. మూత తీశారు, వేశారు. అయిపోయింది. "ఇంకా తియ్యలేదేం?" అంటోంది మేనత్త గారు.

మనుషుల్ని తీసేటప్పుడు గురువుగారికి రెండే పట్టింపులు. చేతులకు పనుండాలి, మనసుకు కబురుండాలి. మూడోది ఆయన చెప్పేవారు కాదు, చేసేవారు. నిలువెత్తు ఫోటో అయితే కెమెరాను గుండె ఎత్తుకు దించేవారు, ముఖం మటుకే అయితే కళ్ళ ఎత్తుకు. పసివాడొస్తే తన పంచె పైకి లాక్కుని నేల మీద చతికిలపడేవారు. పైనుంచి తీస్తే పిల్లాడికి తల గుమ్మడికాయంత, కాళ్ళు వేళ్ళంత పడతాయి. మీరు ఫోన్లో తీసే ఫోటోలన్నీ అవే కదర్రా, వంగడానికి బద్ధకం.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

ఒక బొమ్మల వర్తకుడొచ్చాడు, కొండపల్లి సరుకు బయటి రాష్ట్రాలకు పంపేవాడు. బుట్టలో గడ్డి పరిచి తెచ్చాడు బొమ్మల్ని: అంబారీ ఏనుగు, పల్లకీ బోయీలు, తాటిచెట్టెక్కే గీతకాడు. కొండపల్లి బొమ్మ ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నారా? పైకి నిండుగా కనిపిస్తుంది కానీ చేతిలో బరువుండదు. తెల్లపొణికి కర్ర అది. చెయ్యీ తొండమూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపంపొట్టు కలిపి నూరిన మక్కుతో అతుకుతారు. ఆరాక సున్నం పూసి, రంగులు. దగ్గరగా చూస్తే ఏనుగు చెవి వెనకాల ఆ అతుకు గీత కనపడుతుంది. అది తెలియాలి ఫోటో తీసేవాడికి, వెలుగు ఎటునుంచి వెయ్యాలో ఆ గీతే చెబుతుంది.

వర్తకుడి దగ్గర అప్పటికే ఎవరో తీసిన ఫోటోలున్నాయి. బల్ల మీద బొమ్మలు పెట్టి, మనిషి నిలబడి తీసినవి. సంతలో పైనుంచి చూసిన సరుకులా ఉన్నాయి. ఏనుగు వీపు కనపడుతుంది, కళ్ళు కనపడవు. గురువుగారు వాటిని పక్కన పెట్టి, బొమ్మల్ని ఎత్తు బల్ల మీదికెక్కించారు. కెమెరాను వీలైనంత కిందికి దించి, తను గడ్డం బల్లకానించి ఒక కన్ను మూసి చూశారు. "ఒరే అబ్బాయ్, ఏనుగు ముందు మావటివాడు నిలబడితే వాడి కన్ను ఎక్కడుంటుందో అక్కడ పెట్టాలి లెన్సు" అన్నారు. కృష్ణ ఒడ్డు నుంచి సన్నటి ఇసుక తెప్పించి జల్లెడ పట్టించారు, బొమ్మ కాళ్ళ కింద నేల కోసం. జల్లెడ పట్టకపోతే ఒక్కో ఇసుక రేణువూ ఏనుగు పాదం దగ్గర బండరాయిలా పడుతుంది.

తర్వాత వెలుగు. పగలు ఆకాశమంతా వెలిగే ఉత్తరపు కిటికీ మనుషులకు మంచిది, ముఖం మెత్తగా వస్తుంది. బొమ్మలకు పనికిరాదు. కిటికీకి దుప్పట్లు కట్టి, ఒక్కటే దీపం దూరంగా, ఎత్తుగా పెట్టించారు. "సూర్యుడు ఒక్కడే కదా. నీడ కూడా ఒక్కటే పడాలి. రెండు నీడలు పడ్డాయంటే అది బల్ల మీది బొమ్మ అని పసిపిల్లాడు కూడా చెప్పేస్తాడు." నీడ వైపు చీకటి మరీ ముద్దలా ఉంటే గడ్డం గీసుకునే అద్దం ముక్కతో కాస్త వెలుగు కొట్టించేవారు. అద్దం పట్టుకున్నవాణ్ణి నేనే. గంటసేపు చెయ్యి కదపకూడదు.

ఆ పనిలో అన్నిటికన్నా చిక్కు ఏవిటంటే, దగ్గరికి పోయేకొద్దీ లెన్సుకు లోతు కరువు. ఏనుగు కంటికి ఫోకస్ పెడితే తోక అలుక్కుపోతుంది. నిజం ఏనుగును ఇరవై గజాల నుంచి తీస్తే ఆ బాధ లేదు. అందుకే చూసినవాడి కన్ను ఇట్టే పట్టేస్తుంది, ముందూ వెనకా మసకబారితే అది చిన్న వస్తువని. దానికి మందు, లెన్సు కన్నాన్ని వీలైనంత సన్నం చెయ్యడం. ఎఫ్ 32 దాకా బిగించేవాళ్ళం. కన్నం సన్నమైతే వెలుగు తక్కువ. పైగా దగ్గరి వస్తువుకు కెమెరా తిత్తిని బాగా ముందుకు లాగాలి, దాంతో వెలుగు ఇంకా తగ్గుతుంది. వస్తువెంతో ప్లేటు మీద బొమ్మ కూడా అంతే పడాలంటే మామూలు కన్నా నాలుగు రెట్ల సేపు మూత తీసి ఉంచాలి. అలా అలా లెక్క నిమిషం దాటిపోయేది. బొమ్మ కదలదు కదా అనుకుంటారు. బొమ్మ కదలదు, మేడ కదులుతుంది. బందరు రోడ్డు మీద బస్సు పోతే మా చెక్కనేల సన్నగా వణికేది. అంచేత రెండో ఆట వదిలి, రిక్షాలన్నీ సర్దుమణిగాక, అర్ధరాత్రి తీశాం.

ప్రింటు చూసి వర్తకుడు నోరెళ్ళబెట్టాడు. కోట గుమ్మంలోంచి ఏనుగు వస్తున్నట్టే ఉంది. కాసేపాగి నసిగాడు. "బాగుందండీ, బాగా ఉంది. కానీ ఇది చూసి ఆర్డరిచ్చినవాడు జానెడు బొమ్మ వచ్చిందని మోసం కేసు పెడతాడేమో. పక్కన ఒక రూపాయి బిళ్ళ పెట్టి తీస్తారా?" గురువుగారు ఒక్క మాటనలేదు. జేబులోంచి బిళ్ళ తీసి ఏనుగు పాదం పక్కన పెట్టి ఇంకోటి తీసిచ్చారు. "ఇది మీ గిరాకీకి. అది మీ ఇంట్లో గోడకి." వ్యాపారం కూడా తెలియాలి మరి.

ఆ విద్యకు మన తెలుగువాళ్ళ మహా ఆలయం ఒకటుంది. 'మాయాబజార్'. మీకు పాటలే తెలుసు. ఆ సినిమాలో వెన్నెల్లో ద్వారకానగరం కనిపిస్తుంది చూడండి, అది మద్రాసులో కట్టిన బొమ్మల ఊరు. 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు స్థలంలో సుమారు 300 ఇళ్ళు, ఒకదాని పోలిక ఇంకోదానికి లేకుండా, లోపల విద్యుద్దీపాలు. కళా దర్శకులు గోఖలే, కళాధర్. కెమెరా మార్కస్ బార్ట్లీ. 1957 మార్చిలో విడుదలైంది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు, నిజం ఊరే అనుకున్నా. గురువుగారి దగ్గర చేరాక మళ్ళీ చూసి, ఎక్కడైనా రెండు నీడలు దొరుకుతాయేమోనని వెతికాను. నాకు దొరకలేదు. తర్వాత 1961లో 'సీతారామ కల్యాణం'లో రవికాంత్ నగాయిచ్ రామారావుగారికి పది తలలు తెప్పించాడు, అది వేరే మాయ, ఆ ముచ్చట ఇంకో రోజు.

సినిమావాళ్ళకు ఒక అదనపు తలనొప్పి ఉంది. ఇల్లు చిన్నది చెయ్యొచ్చు, నీటిబొట్టును చిన్నది చెయ్యలేం. బొమ్మ పడవ తొట్టిలో తేలితే అలలు గబగబా కొట్టుకుని గుట్టు బయటపెడతాయి. అందుకని కెమెరాను వేగంగా తిప్పి, తెర మీద నిదానంగా చూపిస్తారు. పడవ అసలుదానిలో పదహారో వంతు ఉంటే కెమెరా నాలుగు రెట్లు వేగం. వర్గమూలం లెక్క. చూశారా, బళ్ళో నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చింది.

మీ అమ్మకు ఇక్కడ లిస్టర్ ఆసుపత్రిలో ఉద్యోగమొచ్చి నన్ను తీసుకొచ్చాక, ఏం తోచక రోజూ టౌన్ స్క్వేర్‌లో గడియారం గోపురం దగ్గర కూచునేవాణ్ణి. మ్యూజియంలో పాత ఫోటోలు చూస్తే తెలిసింది, ఈ ఊరు కూడా ఒకరకంగా బల్ల మీద పుట్టిందే. రెండో యుద్ధం అయ్యాక, లండన్ జనాన్ని సర్దడానికి కొత్త ఊళ్ళు కట్టాలని చట్టం చేశారు. 1946 నవంబరులో మొట్టమొదట ప్రకటించిన కొత్త ఊరు ఇదే. అప్పటికి ఇక్కడ ఆరువేల మంది ఉంటే, అరవై వేల మందికి ప్లాను గీశారు. ఆ ఏడు మే నెలలో మంత్రి లూయిస్ సిల్కిన్ వచ్చి సభ పెడితే జనం గోల చేసి తిట్టిపోశారు. ఆయన కారు టైర్లలో గాలి తీసేశారు, పెట్రోలు ట్యాంకులో ఇసుక పోశారు. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు మార్చి 'సిల్కిన్‌గ్రాడ్' అని పెట్టారు, స్టాలిన్ ఊరి మీద ఎకసెక్కం.

ఆ కాలంలో కొత్త ఊరు కట్టేవాళ్ళంతా ముందు అట్టతో, చెక్కతో నమూనా చేసి ఫోటోలు తీయించేవాళ్ళు. నేను చూసినవి చాలావరకు ఆకాశం నుంచి గద్ద చూసినట్టు తీసినవే. ప్లాను గీసినవాడి చూపు అది. అందులో ఇల్లాలు కూరల సంచి పట్టుకుని ఎక్కడ నిలబడుతుందో కనపడదు. నేల మీదికి దిగి, అట్ట మనిషి కళ్ళ ఎత్తున లెన్సు పెడితే వీధి ఇరుకో విశాలమో అప్పుడు తెలుస్తుంది. దానికోసమే సన్నటి గొట్టంలాంటి మోడల్‌స్కోపు అని ఒకటి తయారుచేశారు, నమూనా వీధుల్లోకి దూర్చి చూడ్డానికి. ఏ గొట్టంలోంచి చూసినా గాలి మాత్రం కనపడదు. 1959లో రాణిగారు వచ్చి ప్రారంభించిన ఈ స్క్వేర్‌లో కార్లు లేవు, పాదచారులకే వదిలారు, బ్రహ్మాండం. కానీ ఫిబ్రవరిలో ఆ గోపురం పక్కన నిలబడి చూడండి, చెవులు తెగిపోతాయి.

మన దగ్గర దీనికి ఎదురు కథ ఉంది. నాగార్జునకొండ. 1955 డిసెంబరులో నెహ్రూగారు సాగర్ డ్యాముకు శంకుస్థాపన చేశారు, లోయ మునిగిపోతుందని ముందే తెలుసు. పురావస్తు శాఖవాళ్ళు హడావిడిగా తవ్వి, తీయగలిగినవి తీసి కొండ మీదికి చేర్చారు. ఇప్పుడది దీవి. లాంచీలో వెళ్తే అక్కడి మ్యూజియంలో మునిగిన లోయ నమూనా ఉంటుంది. ఇక్కడ ఊరు రాకముందు నమూనా చేశారు, అక్కడ ఊరు పోయాక చేశారు. ఆ లోయను కూడా నేను మోకాళ్ళ మీద కూచునే చూశాను. కాపలావాడు నన్నో రకంగా చూశాడు.

మళ్ళీ స్టీవెనేజ్‌కి వద్దాం. స్టేషన్ పక్కన మనం పాంటొమైమ్ చూసిన థియేటరుంది కదా, గోర్డన్ క్రెయిగ్ థియేటర్. ఆ క్రెయిగ్ ఈ ఊళ్ళోనే పుట్టాడు, 1872లో. వాళ్ళమ్మ ఎలెన్ టెర్రీ, ఇంగ్లండు నాటకరంగంలో మహానటి. ఆవిడకు ఇంకా పదిహేడు దాటని రోజుల్లో, 1864లో, జూలియా మార్గరెట్ కామెరాన్ ఒక ఫోటో తీసింది. ఈ కామెరాన్ కలకత్తాలో పుట్టిన మనిషి, నలభై ఎనిమిదో ఏట కూతురు కెమెరా కొనిస్తే పని మొదలుపెట్టింది. తడి గాజుపలకల కాలం. నిమిషాల తరబడి కదలకుండా నిలబడాలి. టెర్రీ గోడకు ఒరిగి, కళ్ళు దించి, మెడలో గొలుసు వేలితో పట్టుకుని ఉంటుంది. చేతికి పని. మా గురువుగారు ఈ ఫోటో చూసి ఉంటారా అని చాలాసార్లు అనుకున్నా.

తల్లి కెమెరా ముందు నిలబడితే కొడుకు బొమ్మల దగ్గర కూచున్నాడు. నాటకం వేసే ముందు క్రెయిగ్ చిన్న రంగస్థలం చేసుకుని, చెక్కతో చదునుగా కోసిన మనుషుల్ని అందులో జరుపుతూ, వెలుగు ఎటునుంచి పడాలో చూసుకునేవాడు. మాస్కోలో స్టానిస్లావ్‌స్కీతో కలిసి వేసిన 'హామ్లెట్'కు కూడా అలాగే చేశాడు. ఆ చెక్క మనుషులకే సిరా రాసి కాగితం మీద అచ్చు వేస్తే అవి మళ్ళీ బొమ్మలయ్యాయి. 1900లో వేసిన ఒక సంగీత నాటకానికి, రంగస్థలం అంచున కింద పెట్టే దీపాలు తీసేయించి వెలుగంతా పైనుంచి వేయించాడు. సూర్యుడు కింద ఉండడు కదా! నటుల కన్నా మరబొమ్మలే నయమని కూడా రాసి జనాన్ని రెచ్చగొట్టాడు. అది నేనొప్పుకోను. బొమ్మకు వెలుగు వేస్తే చాలు, మామిడి కాపు గురించి చెప్పదు.

వేలెడంత లేని డ్రైవరు గురించి చెప్పానుగా. ఓ బడి హాల్లో రైలు బొమ్మల ప్రదర్శన పెట్టారు. తెల్లజుట్టు దొర ఒకాయన బల్ల నిండా ఊరు కట్టాడు: స్టేషను, గొర్రెలు, ఆరేసిన బట్టలు, పట్టాల మీద నీలం రంగు మాలార్డ్ ఇంజను. 1938లో గంటకు 126 మైళ్ళు పరిగెత్తి రికార్డు కొట్టిన ఆవిరి ఇంజను అది. మన ఊరి మీదుగా పోయే తూర్పు లైను దొర. బొమ్మ కొలత అడుగుకు నాలుగు మిల్లీమీటర్లు. అంటే ఆరడుగుల డ్రైవరు 24 మిల్లీమీటర్లు, నా బొటనవేలి గోరు కన్నా కాస్త పొడుగు. వాడి కళ్ళ ఎత్తున లెన్సు పెట్టాలంటే నా పాత కెమెరా పట్టదు, దాని లెన్సే ఆ మనిషికి రెండింతలుంది. అప్పుడు మీ అన్నయ్యే కదా ఫోను లాక్కుని తలకిందులు చేసి ప్లాట్‌ఫారం మీద ఆనించింది! ఫోను కన్ను పైమూలనుంటుంది, తిప్పేస్తే నేలకు తగులుతుంది. పైగా ఆ లెన్సు ఎంత చిన్నదంటే, ఎఫ్ 32 బాధ లేకుండానే ఇంజను నుంచి గొర్రెల దాకా చాలావరకు తేటగా వచ్చింది. ఆ దొర ఫోటో చూసుకుని, తన స్టేషన్లో తను నిలబడినట్టుందని మురిసిపోయాడు. హాల్లో పైనున్న ట్యూబులైట్ల వల్ల నాలుగేసి నీడలు పడ్డాయి, ఆ ఒక్కటీ నాకు నచ్చలేదు.

ఇక ఈ ఊళ్ళో అన్నిటినీ మించిన బొమ్మల కొలువు ఎయిర్‌బస్ వాళ్ళ దగ్గరుంది. అంగారకుడి పెరడు. 2014లో తెరిచారు. 30 మీటర్లు, 13 మీటర్లు, 300 టన్నుల ఇసుక, బండరాళ్ళు. అంగారకుడి మీదికి పంపే రోవర్‌కు అక్కడ నడక నేర్పారు. గోడలకే కాదు, తలుపులకు కూడా ఎర్రమట్టి రంగు పూశారు. ఎందుకనుకున్నారు? చూసే జనం కోసం కాదు, రోవర్ కెమెరాలు తికమక పడకుండా. మా గవర్నర్‌పేట తెర మనిషి వెనకాల ఉండేది, ఇక్కడ కెమెరాకే తెర కట్టారు! రోవర్ మెడ మీద కెమెరాలు నేల నుంచి సుమారు రెండు మీటర్ల ఎత్తున ఉంటాయి, పొడుగాటి మనిషి నిలబడి చూసే ఎత్తు. అది విన్నాక నాకు ఆ రోవర్ మీద గౌరవం పెరిగింది.

దాని పేరు రోజలిండ్ ఫ్రాంక్లిన్. 2019లో ఇక్కడే ప్రకటించారు. ఆవిడ లండన్‌లో డీఎన్‌ఏను ఎక్స్‌రేలతో ఫోటోలు తీయించేది. ఆవిడ దగ్గర పనిచేసే గాస్లింగ్ 1952లో తీసిన 51వ ఫోటోకు అరవై గంటలకు పైగా ఎక్స్‌పోజర్ ఇచ్చారు. మా నిమిషం ఏపాటిది! ఆవిడకు తెలియకుండా ఆ ఫోటో చూసిన వాట్సన్, క్రిక్‌తో కలిసి 1953లో కేంబ్రిడ్జిలో కడ్డీలు, రేకులతో నిలువెత్తు డీఎన్‌ఏ మోడల్ కట్టాడు. ఆ మోడల్‌తో వాళ్ళిద్దరినీ నిలబెట్టి బారింగ్టన్ బ్రౌన్ అనే కుర్ర ఫోటోగ్రాఫర్ ఫోటో తీశాడు, మీ సైన్సు పుస్తకంలో ఉంటుంది. ఒకే ఫ్రేములో మనుషులూ, నమూనా. క్రిక్ చేతిలో స్లైడ్ రూల్, దాంతో చూపిస్తున్నాడు. వాట్సన్ తలెత్తి చూస్తున్నాడు. ఫ్రాంక్లిన్ అందులో లేదు.

ఏంటే? ఎక్స్‌రేని కూడా ఫోటో అనొచ్చా అనా? వెలుగు వెళ్ళి ఫిల్ము మీద పడిందా లేదా? పడితే ఫోటోయే. లే, ఆ పుస్తకం పట్రా, ఆ స్లైడ్ రూల్ ఏ చేత్తో పట్టుకున్నాడో చూద్దాం.